బొటనవేలికి తోడు

హెరెస్,
స్పెయిన్, 1971 మే 2

ఎంకార్నా,

ముందు కూర్చో, తర్వాత చదువు. నేను నిలబడి విన్నాను కాబట్టి చెబుతున్నాను. నాకు మతి పోయింది. ఇంటికొచ్చి చెబితే మీ పిన్ని సెనగల గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది, నేను పూటుగా తాగి వచ్చానేమోనని.

మన పాటగాళ్ల సంఘం వాళ్లు ఒప్పుకున్నారు. సెప్టెంబరులో ద్రాక్షకోతల పండగనాడు బస్తియాన్ పాడుతుంటే పక్క కుర్చీలో గిటార్ పట్టుకుని కూర్చునేది నువ్వే. ముప్ఫై ఏళ్లుగా నేను కూర్చున్న కుర్చీ అది. అందులో ఒక ఆడపిల్ల, అదీ మన హెరెస్‌లో! రెండేళ్లుగా నేను వాళ్ల ప్రాణాలు తోడుతున్న మాట నిజమే కానీ, ఒప్పుకుంటారని కలలో కూడా అనుకోలేదు. అధ్యక్షుడు డాన్ ఆన్సెల్మో లేచి గొంతు సవరించుకునేసరికి ఇక తిట్లు మొదలనుకుని నా టోపీ తీసుకున్నాను. ఆయనేమో, ఫ్రాస్కీతోకి ఎడమచేతి వేళ్లు వాచిపోయి తీగ నొక్కలేకపోతున్నాడు, అతని వాయిద్యం ఎక్కడైనా మిగిలి ఉందంటే అతని అన్న కూతురి చేతిలోనే ఉంది, కాబట్టి ఆ పిల్లనే కూర్చోబెడదాం అన్నాడు. నా టోపీ మళ్లీ కింద పెట్టేశాను. బస్తియాన్ నా బదులు అందరికీ థాంక్స్ చెప్పాడు. నువ్వెరుగుదువుగా, వాడు పాట తప్ప మాట సరిగ్గా మాట్లాడడం అదే మొదటిసారి.

మా అన్న ఉండి ఉంటే ఈ రోజు వీధిలో నాట్యం చేసేవాడు. సీసాలు కడిగే పని పోయి నువ్వు జర్మనీ బస్సెక్కిన రోజున, ఇక ఈ ఇంట్లో గిటార్ గోడకే అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక్క షరతు. మన ఇంటి పద్ధతిలోనే వాయించాలి. బొటనవేలు, చూపుడు వేలు, అంతే. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వొక ముక్క వాయిస్తుంటే శబ్దం నీళ్లు కలిపిన వైన్‌లా పల్చబడింది. ఇదేమిటని అడిగితే ఉంగరపు వేలు కూడా వాడుతున్నాను బాబాయ్ అని నవ్వావు. ఆ రోజు పండగ కాబట్టి ఊరుకున్నాను. రికార్డుల్లో ఎవడో ఐదు వేళ్లతోనూ జల్లు కురిపిస్తున్నాడని మనమూ కురిపించక్కర్లేదు. మా నాన్న రెండు వేళ్లతో వాయిస్తే పాడేవాళ్లు ఏడ్చేవారు. ఆయన నాకు రెండే నేర్పాడు, నేను నీకు రెండే నేర్పాను.

ఇంకో సంగతి కూడా మళ్లీ చెబుతున్నాను. అక్కడ ఒక్కదానివీ వాయించుకుంటూ నీ చేతికేసి చూడడం అలవాటు చేసుకుని ఉంటావు. మానెయ్యి. మన పని పాడేవాడి నోరు చూడడం. వాడు ఊపిరి ఎక్కడ పీలుస్తాడో నీకు ముందే తెలియాలి. తన చేతిని చూసుకునేవాడు పాటగాణ్ణి వదిలేసినట్టే. నేను ముప్ఫై ఏళ్లు బస్తియాన్ పళ్లు చూశాను. ఏ పన్ను ఎప్పుడు ఊడిందో వాడికంటే నాకే బాగా తెలుసు.

ఈ రోజు నుంచి కుడిచేతి గోళ్లు కత్తిరించకు. ఆగస్టులో సెలవు దొరకగానే వచ్చెయ్.

సంతోషంతో ఇంకా కుదురుకోని
మీ బాబాయి ఫ్రాస్కీతో

*

స్టుట్‌గార్ట్,
మే 12

బాబాయ్,

నీ ఉత్తరం కూర్చునే చదివాను. చదివాక చాలాసేపు ఏడ్చాను. సంతోషానికే అనుకో.

చేతిరాత చూసి కంగారు పడకు. ఇది నా గదిలో ఉండే పూరా రాత. గలీసియా నుంచి వచ్చిన మన దేశపు పిల్లే, బళ్లో నాకంటే ఎక్కువ చదువుకుంది, అందుకే అక్షరాలు ఇంత గుండ్రంగా ఉన్నాయి. నాకు ఫ్యాక్టరీలో కుడిచేతికి కొంచెం దెబ్బ తగిలింది. కట్టు కట్టారు. కట్టుతో కలం పట్టుకోవడం కుదరక తనతో రాయిస్తున్నాను. పిన్నికి ఈ ముక్క చదివి వినిపించొద్దు, ఊరికే కొవ్వొత్తులు వెలిగించడానికి చర్చికి పరిగెడుతుంది.

డాన్ ఆన్సెల్మో అలా అన్నాడంటే నమ్మలేకపోతున్నాను. నా పదహారో ఏట సంఘం గుమ్మంలో నన్ను ఆపి, పాట వినాలంటే కిటికీ దగ్గర నిలబడి వినమన్నది ఆయనే కదా.

బాబాయ్, నిన్నొక మాట అడగాలి. ఇక్కడ హాస్టల్లో ఒక వాదన వచ్చింది. పందెం కూడా కాశారు. వాయించేవాడికి బొటనవేలికి తోడు ఒకే ఒక్క వేలు ఉంచుకోమంటే ఏది ఉంచుకోవాలి? చూపుడు వేలా, నడిమి వేలా? మిగిలినవి లేనట్టే అనుకో. కుర్చీలో కూర్చుని బస్తియాన్ లాంటి మనిషికి నిదానంగా నడిచే సొలెయా వాయించాలి, పరుగెత్తే బులెరియా వాయించాలి, పాటకీ పాటకీ మధ్య నీ ముక్కలన్నీ రావాలి. అన్నీ ఆ ఒక్క వేలూ బొటనవేలే చెయ్యాలి. ఏ వేలు?

నవ్వులాటగా తీసుకోకు. కాస్త ఆలోచించి రాయి. ఎక్స్‌ప్రెస్ పోస్టులో వెయ్యి, నెలాఖరులోగా నాకు అందాలి.

గోళ్లు కత్తిరించను.

నీ ఎంకార్నా

అయ్యా, నేను పూరాని. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. పందెం కాసింది మాత్రం నేను కాదు. దయచేసి జవాబు త్వరగా రాయండి.

*

హెరెస్,
మే 18

ఎంకార్నా,

నీ ఉత్తరం చదివి నోరు వెళ్లబెట్టాను. నా దగ్గర పన్నెండేళ్లు కూర్చున్నదానివి అడగాల్సిన ప్రశ్నేనా ఇది? వీధిలో పోయేవాడెవడైనా అడిగితే సరే అనుకుంటాను. మన వంటింట్లో, మీ పిన్ని ఉల్లిపాయలు తరుగుతుంటే ఆ ఘాటుకి కళ్లు మండుతూ నేర్చుకున్నదానివి, ఇప్పుడు జర్మనీ పోయి ఏ వేలు బాబాయ్ అంటావా?

చూపుడు వేలు. పందెం ఎవరు కాశారో గానీ గెలిచింది చూపుడు వేలే, డబ్బులు వసూలు చేసుకో. మీ తాత చూపుడు వేలు, నాది చూపుడు వేలు, నీదీ చూపుడు వేలే. అది బొటనవేలికి పక్కింటి మనిషి, గోడ మీంచి కూర గిన్నె అందుకున్నట్టు తీగ అందుకుంటుంది. నడిమి వేలుందే, అదొక పొడుగు వెధవ. ఎత్తు చూసి ముందు వరసలో నిలబెట్టారు తప్ప దానికి చేతనైంది ఏమీ లేదు. ఉంగరపు వేలు సంగతి నీకు క్రిస్మస్‌కే చెప్పాను. నన్నడిగితే ఆ రెండూ కోసి పిల్లికి వెయ్యొచ్చు. నాకు గిటార్ వాయించడానికి అవి ఏనాడూ అడ్డం రాలేదు, సాయం రాలేదు.

ఆ గలీసియా పిల్లకి చెప్పు, పందెం కాయలేదని అంత గట్టిగా చెప్పేవాళ్లే కాసి ఉంటారు.

నీ చేతికి దెబ్బ అన్నావు. గోళ్లు విరగలేదు కదా? పీపా దొర్లి నా పాదం మీద పడ్డ ఏడాది గుర్తుందా, ఈస్టరు దాకా కుంటుకుంటూ తిరిగాను, తర్వాత ఎవరికీ గుర్తు లేదు. నీదీ అంతే. పిన్నికి చెప్పలేదు.

ఇక్కడ సంగతులు. సంఘంలో ఇప్పుడు నీ శాలువా రంగు మీద చర్చ జరుగుతోంది. డాన్ ఆన్సెల్మో నల్లది అంటున్నాడు, ఆయన భార్య ఎర్రది అంటోంది. గిటార్ గురించి మాత్రం ఎవరూ మాట్లాడడం లేదు, ఎందుకంటే వాళ్లకి నేను మాటిచ్చాను. ఆ పిల్ల మా ఇంటి పద్ధతి దాటదు, బొటనవేలూ చూపుడు వేలూ తప్ప మూడోది కదిలితే నన్ను పిలిచి అడగండి అన్నాను. కింది వీధి గిటార్ వాళ్లబ్బాయి ఆ కుర్చీ మీద కన్నేసి కూర్చున్నాడు, నీ దగ్గర ఏ చిన్న తేడా వచ్చినా వాడు ఎగిరి కూర్చుంటాడు. ఆ సంగతి గుర్తుంచుకో.

బస్తియాన్‌కి గొంతు బాగాలేదు. వేడి పాలు తాగమంటే నా మీద కోప్పడుతున్నాడు. నువ్వు వచ్చేలోపు చచ్చిపోనని చెప్పమన్నాడు.

ప్రశ్నకి జవాబిచ్చి అలిసిపోయిన
మీ బాబాయి

*

స్టుట్‌గార్ట్,
మే 27

బాబాయ్,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. పూరా చదివి వినిపించింది. కోసి పిల్లికి వెయ్యొచ్చు అన్నచోట ఆగిపోయింది. ఫరవాలేదు చదువు అన్నాను.

నేను నీకు అబద్ధం చెప్పాను. నేను రాయిస్తున్నది హాస్టల్ నుంచి కాదు, ఆసుపత్రి నుంచి. ఏప్రిల్ నెలాఖరులో ఫ్యాక్టరీలో కారు తలుపుల రేకు నొక్కే యంత్రం నా కుడిచేతి మీద మూసుకుంది. నువ్వు ఆ సంతోషం వార్త రాస్తున్నప్పుడు నేను మత్తుమందులో ఉన్నాను. మంచం మీద కూర్చోబెట్టి పూరా నాకు ఆ ఉత్తరం చూపించింది. అది చదివాక నీకు నిజం ఎలా చెప్పను? నువ్వు ముప్ఫై ఏళ్లు కూర్చున్న కుర్చీ నాకిస్తుంటే, నా చెయ్యి లేదు బాబాయ్ అని రాయలేకపోయాను.

ఉంగరపు వేలు ఆ రోజే తీసేశారు. చిటికెన వేలు బాగానే ఉంది, అది దేనికి పనికొస్తుందో నీకు తెలుసు. చూపుడు వేలూ నడిమి వేలూ ఇంకా ఉన్నాయి, కానీ వంగవు. లోపల వేలిని లాగే నరాలు నలిగిపోయాయట. రెండు వేళ్లలోనూ బాగున్నదంతా కలిపితే ఒక్క వేలికి సరిపోతుందన్నాడు డాక్టరు. ఒకదానిలోంచి తీసి ఇంకోదానిలో వెయ్యాలి, ఇచ్చిన వేలు పోతుంది. రెండూ కావాలని పట్టుబడితే రెండూ కర్రముక్కల్లా మిగులుతాయి. ఆయన మంచివాడు. మామూలుగా అయితే అడగకుండా చూపుడు వేలు ఉంచేసేవాణ్ణి, గుండీ పెట్టుకోవాలన్నా కలం పట్టుకోవాలన్నా అదే కదా అన్నాడు. నేను గిటార్ వాయిస్తానని పూరా చెప్పింది. దానికి ఆయన, "నాకు గిటార్ తెలీదమ్మా. తెలిసినవాళ్లని అడిగి, ఏ వేలు కావాలో నువ్వే చెప్పు" అన్నాడు.

నాకు తెలిసినవాడివి నువ్వొక్కడివే. అందుకే అడిగాను. నిజం చెప్పి అడిగితే నువ్వు జవాబు చెప్పలేవని తెలుసు. పందెమంటే చెబుతావు.

ఇవాళ సాయంత్రం డాక్టరు వస్తాడు, ఆయనకి చెప్పాలి. రేపు ఆపరేషన్. భయంగా ఉంది బాబాయ్. చెయ్యి పోతుందని కాదు, తప్పు చెబుతానేమోనని.

సంఘానికి ఇప్పుడే ఏమీ చెప్పొద్దు. బస్తియాన్‌కి చెప్పాలనిపిస్తే చెప్పు.

ఎంకార్నా

*

హెరెస్,
జూన్ 6

నా తల్లీ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. మీ పిన్ని పక్కనే కూర్చుని ఉంది. ఆవిడకి అంతా చెప్పేశాను. ఆవిడ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. లేచి నాకు మంచినీళ్లిచ్చింది. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

నీ ఉత్తరం నాకు మధ్యాహ్నం సారా కొట్లో అందింది. పోస్టు మనిషి నన్ను వెతుక్కుంటూ అక్కడికే తెచ్చాడు. నిలబడే చదివాను. యంత్రం అన్నచోట నా కళ్లు ఆగిపోయాయి, అక్షరాలు కనిపించలేదు. మళ్లీ చదివాను. నువ్వు అడిగింది పందెం కోసం కాదని అర్థమయ్యేసరికి నేను రాసిన ప్రతి మాటా గుర్తుకొచ్చింది. కోసి పిల్లికి వెయ్యొచ్చని రాశాను. నా అన్న కూతురికి, ఆసుపత్రి మంచం మీద ఉన్నదానికి!

టెలిగ్రాఫ్ ఆఫీసుకి పరిగెత్తాను. నా మాట వినొద్దు, డాక్టరునే నిర్ణయించమను అని ఇవ్వబోయాను. కౌంటరు దగ్గర అమ్మాయి నా చేతిలోని ఉత్తరం తీసుకుని తేదీ చూసి, "ఇది వారం దాటిపోయింది కదా మావయ్యా, ఇప్పుడు పంపి ఏం లాభం?" అంది. అయినా పంపించాను. నీకు అందే ఉంటుంది. ఎందుకూ పనికిరాని టెలిగ్రామ్.

అక్కణ్ణించి బస్తియాన్ ఇంటికి వెళ్లాను. ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదువు. రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

వాడికి అంతా చెప్పాను. వాడు మంచం మీద కూర్చుని, మెడకి గుడ్డ చుట్టుకుని విన్నాడు. చివర్న అడిగాడు, "ఏ వేలు చెప్పావు?"

"ఇంకేం చెబుతాను, చూపుడు వేలే" అన్నాను.

వాడు నా మొహంలోకి అలాగే చూశాడు. "ఒరేయ్ ఫ్రాస్కీతో, నువ్వు చూపుడు వేలితో వాయించవు కదరా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ సమయంలో పరాచికాలా అని అరిచాను. వాడు పరాచికమాడడం లేదు. ముప్ఫై ఏళ్లు పక్కన కూర్చున్నాను, నువ్వు నా నోరు చూస్తుంటే నేను ఊరికే కూర్చుని నీ చెయ్యి చూశాను, చూడడానికి ఇంకేముంది అక్కడ అన్నాడు. బొటనవేలు, నడిమి వేలు. చూపుడు వేలు దాని పక్కన ఊరికే ఆనుకుని ఉంటుందట. మరి ఎప్పుడూ ఎందుకు చెప్పలేదురా అన్నాను. "నువ్వు వాయిస్తున్నావు, నేను పాడుతున్నాను. ఏ వేలైతే నాకేంటి?" అన్నాడు.

నేను నమ్మలేదు. వాళ్లింట్లో గోడకున్న పాత గిటార్ దింపాను. ఎడమచెయ్యి నొక్కలేకపోయినా కుడిచేత్తో ఉత్త తీగల మీద సొలెయా మొదలుపెట్టాను. అప్పుడు, ఎంకార్నా, నా జన్మలో మొదటిసారి తల వంచి నా చేతికేసి చూశాను.

నడిమి వేలు. పొడుగు వెధవ అని రాశానే, అదే. మొత్తం అదే వాయిస్తోంది. చూపుడు వేలు దాని భుజం మీద చెయ్యేసి తిరిగే స్నేహితుడిలా ఊరికే వెంట వెళ్తోంది. అరవై ఆరేళ్లు నా చెయ్యి నాతోనే ఉంది, అది ఏం చేస్తోందో నాకు తెలియదు. మా నాన్న చూపుడు వేలనే చెప్పాడు. ఆయన దేనితో వాయించాడో ఇప్పుడు ఎవరిని అడగను? ఆయనా పాడేవాడి నోరే చూసేవాడు. ఊరందరికీ చూపుడు వేలు చూపుడు వేలని చెప్పుకుంటూ తిరిగాను. సంఘంలో మాటిచ్చాను. నీకు ఉత్తరం రాశాను.

నా మాట నమ్మి నువ్వు చూపుడు వేలు ఉంచుకున్నావు. పన్నెండేళ్లు నా ఎదురుగా కూర్చుని నా చెయ్యి చూసి నేర్చుకున్నావు కాబట్టి నీ చెయ్యి కూడా నడిమి వేలితోనే నేర్చుకుని ఉంటుంది. అన్నీ తెలిసిన వేలిని తీయించేసి, ఏమీ రాని వేలిని నీకు మిగిల్చాను. ఇంత ఘోరం నేను చెయ్యగలనని ఎవరైనా చెబితే కొట్టేవాణ్ణి.

ఏడుస్తూ కూర్చుంటే నీకేం ఉపయోగం? అందుకని ఒక పని మొదలుపెట్టాను. నీకు ఉన్నది చూపుడు వేలే అయితే, చూపుడు వేలితో మన వాయిద్యం మొత్తం ఎలా వాయించాలో నీకు ఎవరో ఒకరు నేర్పాలి కదా. అది చేతనైనవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి నేను నేర్చుకుంటున్నాను. నడిమి వేలు ఊరుకోవడం లేదు, నాకంటే ముందే తీగ అందుకుంటోంది. మీ పిన్ని దాన్ని చేతిరుమాలుతో మడిచి అరచేతికి కట్టేసింది. పొద్దున లేచినప్పటి నుంచి చూపుడు వేలితో సాధన చేస్తున్నాను. చిన్నపిల్లాడి నడకలా ఉంది, తడబడుతోంది, పడుతోంది. ఇరుగుపొరుగు కిటికీలు మూసుకుంటున్నారు. మూసుకోనీ. నువ్వు వచ్చేసరికి వచ్చేస్తుంది. నిజం చెప్పాలంటే, కట్టు లేకుండా వాయించుదామన్నా ఇప్పుడు రావడం లేదు. చూశాక చెయ్యి బెదిరిపోయింది.

సంఘానికి ఏమీ చెప్పలేదు. నువ్వు తప్ప ఇంకెవరు కూర్చున్నా ఆ రోజు పాడనని బస్తియాన్ తనంతట తనే వెళ్లి చెప్పి వచ్చాడు.

ఎలా ఉన్నావో ఒక్క ముక్క రాయించు తల్లీ. తిట్టినా ఫరవాలేదు.

ఫ్రాస్కీతో

*

స్టుట్‌గార్ట్,
జూన్ 22

బాబాయ్,

ఈ ఉత్తరం నేనే ఎడమచేత్తో రాస్తున్నాను, అందుకే కోడి గీరినట్టుంది. ఇది పూరాకి చెప్పి రాయించే విషయం కాదు. నీ టెలిగ్రామ్ అందిన రోజున జ్వరంలో ఉన్నాను. ఉత్తరం హాస్టల్‌కి వెళ్లి, అక్కడి నుంచి తిరిగి తిరిగి నిన్న నా చేతికి వచ్చింది. ఇన్ని రోజులు నువ్వు అలా ఉన్నావని తెలిస్తే నోటితో కలం పట్టుకునైనా రాసేదాన్ని.

నేను ఉంచుకున్నది నడిమి వేలు.

మళ్లీ చదువుకో. నడిమి వేలు. చూపుడు వేలు తీసేశారు.

నీ జవాబు వచ్చిన రోజు పూరా చదవడం పూర్తయ్యాక, సరే, చూపుడు వేలు అని చెప్పేద్దామనే అనుకున్నాను. నువ్వు చెప్పాక నాకు వేరే ఆలోచన ఎందుకు? డాక్టరు వచ్చేలోపు కళ్లు మూసుకుని, చూపుడు వేలితో ఏమేం వాయించగలనో మనసులో ఒకసారి వాయించి చూసుకుందామనుకున్నాను. వాయిద్యం మొదలుపెట్టగానే నాకు కనిపించింది నా చెయ్యి కాదు, నీది. మన వంటింట్లో కిటికీ పక్కన నీ కుర్చీ, నీ ఎదురుగా నా ముక్కాలి పీట. నువ్వు గోడ మీద ఏదో లేని పాటగాడి నోరు చూస్తూ వాయించేవాడివి. నేను చూడడానికి నీ చెయ్యే ఉండేది. నువ్వు చూడొద్దన్నావని నా చేతిని ఏనాడూ చూసుకోలేదు, నీ చేతిని చూడొద్దనలేదు కదా. పన్నెండేళ్లు చూశాను. ఆ చేతిలో తీగని అందుకుంటున్నది నడిమి వేలు. ఎన్నిసార్లు వాయించి చూసినా అదే.

నాకు భయమేసింది. నువ్వు చెప్పింది ఒకటి, చేసేది ఇంకొకటి. ఏది నమ్మాలి? నీ మాట కాదనడం నా జన్మలో అదే మొదటిసారి. డాక్టరు వచ్చి ఏ వేలమ్మా అంటే, నడిమి వేలు అన్నాను. నిజమేనా అని రెండోసారి అడిగాడు. మా బాబాయిది అదే అన్నాను. పూరా అదే జర్మన్‌లో చెప్పింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా, తప్పు చేశానేమో, నువ్వు తిడతావేమోనని రోజూ వణుకుతూనే ఉన్నాను. నీ ఉత్తరంలో బస్తియాన్ అన్న మాట దగ్గరకి వచ్చేసరికి ఎంత గట్టిగా అరిచానంటే నర్సు పరిగెత్తుకొచ్చింది.

మొన్న కట్టు విప్పారు. చెయ్యి చూడడానికి బాగోదు, పిన్నిని ముందే సిద్ధం చెయ్యి. డాక్టరు నా అరచేతిలో తన వేలు పెట్టి, పట్టుకో అన్నాడు. ఏమీ కదల్లేదు. మళ్లీ అన్నాడు. మూడోసారికి నడిమి వేలు కొంచెం వంగింది. గింజ మొలకెత్తినంత. ఆయన జర్మన్‌లో పెద్దగా ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు, కానీ నవ్వుతున్నాడు.

సెప్టెంబరుకి కుదురుతుందని ఆయన చెప్పడం లేదు. నేనూ అనుకోవడం లేదు. సంఘానికి నిజం చెప్పు. డాన్ ఆన్సెల్మో ఆ కుర్చీ ఈ ఏడాది ఎవరికిచ్చినా నాకు కోపం లేదు. పై ఏడాదికి మాత్రం నాకే కావాలి, ఆ మేరకు వాళ్ల దగ్గర మాట తీసుకుని రా. బస్తియాన్‌ని వేడి పాలు తాగమను, ఇప్పుడు ఆయన ఇంకో ఏడాది బతకాలి.

వచ్చే నెల ఇంటికి పంపిస్తామన్నారు. వచ్చి మళ్లీ ఆ ముక్కాలి పీట మీదే కూర్చుంటాను. నా వేలికి ఇప్పుడు ఏమీ రాదు, మొదటి నుంచి నేర్పాలి. దానికి నేర్పగలిగింది ఈ లోకంలో నీ నడిమి వేలు ఒక్కటే, అది కూడా బెదిరిపోయి రుమాలులో ఉందని రాశావు. పిన్నిని పిలువు బాబాయ్. ఈ ఉత్తరం మడిచేలోపు ఆ కట్టు విప్పించుకో.

ఎంకార్నా